నవ్వు కోసం వదిలిన జాగా

హీరో మొదటి జోకు వేసి ఆగాడు. హీరోయిన్ అతని వంక ఓరగా చూసి తనూ ఆగింది. తెర నిండా ఇద్దరూ గుడ్లప్పగించి నిలబడ్డారు. వాళ్ళ వెనక సముద్రం ఒక్కటే కదులుతోంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనక వరసల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

మూడో వరసలో కూర్చున్న కంగారమ్మ ఒళ్ళోని చేతిసంచీని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. కడుపులోంచి నవ్వు దానంతటదే పైకి రాబోయి గొంతులో ఆగింది. ఏళ్ళ తరబడి అలవాటు మరి. ఆ ఇద్దరూ అలా ఆగారంటే ఈమె నవ్వాలి.

కంగారమ్మ అన్నది తోటివాళ్ళు పెట్టిన పేరు. అలా పిలవద్దని మొదట్లో ఆమె గొణిగింది. కానీ పిలిచినప్పుడల్లా "ఏమైంది? ఏమైంది?" అంటూ లేచి నిలబడేది కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. తోటివాళ్ళంటే నవ్వులవాళ్ళు. టీవీలో "మెట్ల మీద మాట" సీరియల్ వచ్చినన్నాళ్ళూ జనానికి వినపడిన నవ్వు వీళ్ళది. పై అంతస్తు అబ్బాయి, కింది అంతస్తు అమ్మాయి మెట్ల మీద ఎదురుపడి పోట్లాడుకుంటారు. ప్రేమ మాట నోటిదాకా వస్తుంది, ఎవరో ఒకరు చెత్తబుట్ట పట్టుకుని దిగుతారు, మాట ఆగిపోతుంది. కెమెరాల వెనక బల్లలు వేసి వీళ్ళను కూర్చోబెట్టేవారు. ఎదురుగా నిలబడి ఈ నవ్వుల మేస్త్రి జేబురుమాలు ఎత్తేవాడు. గుండెదాకా ఎత్తితే చిరునవ్వు. గడ్డందాకా అయితే నడిమి నవ్వు. తల మీద గిర్రున తిప్పాడా, నిండు నవ్వు. నటులు ఆ నవ్వు అయిపోయేదాకా ఆగి, తరవాతి మాట అందుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆ సీరియల్ సినిమా అయింది. సినిమాకు అద్దె నవ్వులు అక్కర్లేదు, జనమే నవ్వుతారన్నారు. "ఇవాళ మీరు అతిథులు. హాయిగా చూడండి" అని విడుదలకు ముందే పిలిచి కూర్చోబెట్టారు. మేస్త్రి రుమాలు జేబులోనే ఉంది. ఆయన చెయ్యి మాత్రం జోకు జోకుకీ జేబు మీదికి వెళ్ళి వస్తోంది.

"వదినా, మెట్లేవీ?" పక్కనుంచి తోటి నవ్వులావిడ టైలరమ్మ గుసగుసలాడింది.

"ఉష్! వస్తాయేమో."

"సగం సినిమా అయిపోయింది. మెట్లు లేని మెట్ల మీద మాటేంటి? ఇంట్లో ఉన్నవాళ్ళని సముద్రానికి తోలుకొచ్చి పడేశారు."

"సినిమా కదా, పెద్దగా ఉండాలని..."

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందిట. మన హీరోయిన్ పిల్లకి ఆ చీకటి మెట్లే బాగుండేవి. ఇక్కడ ఎండకి మొహం మాడిపోయింది చూడు."

కంగారమ్మ మెడ తిప్పి వెనక్కి చూసింది. తలుపు పక్కన గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది ఆమె కూతురు. సినిమా ఎడిటింగ్ గదిలో అసిస్టెంటు. మొదటి సినిమా. ముద్దుపేరు అమ్మడు. పక్కనే దర్శకుడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అతను అమ్మడి చెవిలో ఏదో అన్నాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. అంతే, కంగారమ్మ ఖాయం చేసేసుకుంది. అయిపోయింది. సినిమా పోతుంది. పోతే ఎవరి మీదికి నెడతారు? పెద్దవాళ్ళు ఒకరినొకరు అనుకోరు. చివరికి కత్తెర పట్టుకున్న పిల్ల మీద పడతారు. కీడెంచి మేలెంచమన్నారు, ఆమె కీడు దాకా వెళ్ళి అక్కడే కాపురం పెడుతుంది.

తెర మీద హోటల్ గది వచ్చింది, లోపల హీరో హీరోయిన్లు. బయట హీరోయిన్ తల్లి కూతురితో ఫోనులో మాట్లాడుతూ ఈతకొలను గట్టున నడుస్తోంది. సీరియల్లో ఈ తల్లి ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయించేది. సినిమాలో ఆమె మెళ్ళో పెద్ద పూసలు వేసి, నెత్తిన టోపీ పెట్టారు.

"తలుపు గడియ పెట్టుకున్నావా?" అంది ఆవిడ ఫోనులో. "పెట్టాక ఒకసారి లాగి చూశావా? లాగినప్పుడు ఊడి చేతికి రాలేదు కదా?"

కంగారమ్మ వీపు నిటారుగా అయింది.

"లోపల ఎవరూ లేరుగా? మంచం కింద చూశావా? వంగి చూడకు, దూరంగా నిలబడి చూడు!"

ఆ మాటకు తల్లి వేషం ఆవిడ కాలు జారి, టోపీతో సహా, నీళ్ళలో పడింది. తెర మీద హీరో హీరోయిన్లు ఆగారు. మొదటి వరసలో నిర్మాత పెద్దాయన ఒక్కడే హహ్హహ్హ అని తొడ చరుచుకున్నాడు. హాల్లో రెండో మనిషి నవ్వలేదు.

టైలరమ్మ ఈమె వంక చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది. అవి ఎవరి మాటలో టైలరమ్మకు తెలుసు. సీరియల్ బల్లల మీద టీ విరామం వచ్చినప్పుడల్లా ఇంటికి ఫోను చేసి కంగారమ్మ కూతుర్ని అడిగేవి అవే. మక్కీకి మక్కీ.

*

"నేను అప్పుడే చెప్పానా లేదా? సినిమాలూ వద్దు, గినిమాలూ వద్దు, ఎక్కడైనా కాస్త నిలకడగా ఉండే ఉద్యోగం చూసుకోవే అని?"

పొద్దున్నే వంటగట్టు తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ మొదలుపెట్టింది కంగారమ్మ. అమ్మడు నిలబడే రొట్టెముక్క నములుతోంది. కంగారమ్మ మొగుడు బల్ల దగ్గర కూర్చుని పనిముట్ల పెట్టెలో మరలు ఏరుకుంటున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది.

"ఇంకా విడుదల కాలేదమ్మా."

"కాకముందే హాలంతా శ్మశానంలా ఉంది. అయ్యాక ఏమవుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది."

"నీకు అన్నీ కళ్ళకు కడతాయి. నేను మొదటిసారి సైకిలెక్కినప్పుడు అంబులెన్సు కనపడింది నీకు."

"పడ్డావా లేదా?"

"గడ్డిలో పడ్డాను!"

"రాయి ఉండుంటే?"

ఆయన తలెత్తకుండా అన్నాడు, "రాయి లేదుగా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పిల్లని తిననీ."

"మీరు మాట్లాడకండి. తాడు మీద వేలాడే పని మీది. మీరు ఇంటికి వచ్చేదాకా నా ప్రాణం మీ లిఫ్టులోనే ఎక్కి దిగుతుంటుంది. ఇప్పుడు దీని ఉద్యోగం కూడా అందులోనే ఎక్కింది."

అమ్మడు నీళ్ళు తాగి గ్లాసు పెట్టింది. "ఆ జోకుల దగ్గర ఆగడం ఉంది చూడు, అదే చంపేసింది. మా గదిలో అందరికీ తెలుసు. నటులకు మీ నవ్వుల కోసం ఆగడం అలవాటైపోయింది. కత్తిరించేద్దాం సార్ అంటే దర్శకుడు ఒప్పుకోడు. జనం నవ్వుతారు, అప్పుడు తరవాతి మాట వినపడొద్దా, అంటాడు. ఇప్పుడు నవ్వూ లేదు, మాటా లేదు. నవ్వు కోసం వదిలిన జాగా మాత్రం మిగిలింది."

"అయితే ఏం చేస్తారు?"

అమ్మడు జవాబు చెప్పేలోపు కంగారమ్మ ఫోను మోగింది. మేస్త్రి.

"చెల్లెమ్మా, శుభవార్త! సినిమాలో నవ్వులు కలుపుతున్నారు. పెద్దాయన రాత్రికి రాత్రి తేల్చేశాడు. రేపు సౌండు గదికి అందరం రావాలి. నవ్వు నాలుగు విధాల చేటు అన్నవాడెవడో గాని మన నవ్వు లేకపోతే వాళ్ళకి నలభై విధాల చేటయింది. గొంతు జాగ్రత్త, చల్లనివి తాగకు."

కంగారమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నవ్వులు కలిస్తే సినిమా నిలబడుతుంది. సినిమా నిలబడితే పిల్ల నిలబడుతుంది. ఫోను పెట్టేసి చెప్పేలోపే కూతురు అంది, "నువ్వు వెళ్ళకు."

"అదేంటే?"

"వెళ్ళొద్దన్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"నాకు ఒంట్లో బాగాలేదని నా నోటితో నేనే అనుకోనా? అలా అనుకుంటే వచ్చిపడుతుంది! అయినా నేను మానేస్తే, ఎడిటింగ్ అమ్మాయి వాళ్ళమ్మ పొగరుతో మానేసిందంటారు. వెంటనే నిన్ను పీకేస్తారు."

"ఎవరూ పీకరమ్మా! అబ్బా, నీతో..." అమ్మడు బూట్లు తొడుక్కోవడానికి వంగింది.

కంగారమ్మ గుడ్డను పిండి ఆరేసింది. నిన్నటి నుంచి నాలుక చివర ఉన్నది ఇక ఆగలేదు.

"ఆ గడియ మాటలు వాళ్ళకి ఎవరు చెప్పారే?"

అమ్మడు బూటు తాడు ముడి వేస్తూ వేస్తూ ఆగింది. "నేనే."

ఆయన చేతిలోని మర పెట్టెలో పడింది.

"ఒకరోజు భోజనాల దగ్గర రైటర్ అడిగాడు, మీ అమ్మలు ఫోనులో ఏం మాట్లాడతారు అని. అందరం చెప్పాం. నీవి వాళ్ళకి నచ్చాయి."

"నచ్చాయా? నవ్వొచ్చిందా?"

"అమ్మా, నాకు టైమ్ లేదు."

"టైమ్ ఎంతసేపే? అవునో కాదో చెప్పడానికి? నువ్వు కూడా నవ్వావా?"

కింద హారన్ మోగింది. ఆఫీసు బండి. అమ్మడు సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి, ఏదో అనబోయి, మళ్ళీ హారన్ మోగితే దిగిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా కంగారమ్మ అక్కడే నిలబడింది. జాగ్రత్తగా దిగమని ఈసారి చెప్పలేదు.

"చిన్నపిల్ల, ఏదో ఊసుపోక చెప్పుంటుంది" అన్నాడు ఆయన.

"చిన్నపిల్లేం కాదు. తల్లిని నలుగురిలో నవ్వులపాలు చేసేంత పెద్దదైంది."

"నవ్వడం నీ వృత్తి కదే."

"నేను నవ్వేది వేరే వాళ్ళని చూసి!" అని, వంటగట్టు మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

*

సౌండు గది గోడలకు మెత్తటి గళ్ళ అట్టలు అంటించారు. అడుగుపెట్టగానే చెవులు మూసుకుపోయినట్టుంటుంది. నవ్వులవాళ్ళు ఒక్కొక్కరే తాళంచెవులు, చిల్లర, చేతి గడియారాలు తీసి గుమ్మం దగ్గరి డబ్బాలో వేశారు. గరగరలాడే బట్టలు కట్టుకోవద్దని ముందే చెప్పారు. బల్లలు కిర్రుమనకుండా కింద దుప్పట్లు పరిచారు. అందరూ గోరువెచ్చని నీళ్ళు గుక్కెడు తాగి, ముక్కులు చీదుకుని, సర్దుకుని కూర్చున్నారు. కంగారమ్మ ఎప్పటిలాగే చివర, తలుపుకు దగ్గరగా కూర్చుంది. నిప్పంటుకుంటే బయటపడాలి కదా.

ఎదురుగా చిన్న తెర. పక్కన అద్దం గోడ. అద్దం అవతల మీటలున్న పెద్ద బల్ల ముందు సౌండతను, అతని పక్కన కాగితాలతో అమ్మడు. వెనక సోఫాలో పెద్దాయన. తల్లీ కూతుళ్ళ కళ్ళు ఒక్కసారి కలిశాయి. ఎవరి కళ్ళు వాళ్ళు తీసుకున్నారు.

"వినండర్రా," అన్నాడు మేస్త్రి చెవికి ఇయర్‌ఫోను తగిలించుకుంటూ. "తెర మీద బొమ్మ కనపడుతుంది. మాట నాకొక్కడికే వినపడుతుంది. మీకు వినిపిస్తే అది కూడా మైకులో పడిపోతుంది. కాబట్టి మీరు రుమాలు చూసి నవ్వాలి."

"జోకు వినకుండా నవ్వాలా?" అంది టైలరమ్మ.

"విన్నావుగా మొన్న. వింటే వస్తుందా నవ్వు?"

అందరూ గొల్లుమన్నారు. అద్దం అవతల సౌండతను చెయ్యి ఊపాడు. "ఇది బాగుంది! ఇలాగే కావాలి!"

మొదలైంది. మూగ సినిమా నడిచింది. హీరో పెదవులు కదిపి ఆగుతాడు, రుమాలు లేస్తుంది, ఆగిన జాగాలోకి వీళ్ళు నవ్వు పోస్తారు. గోతుల్లో కంకర పోసినట్టు. చిరునవ్వు, నడిమి, చిరునవ్వు, చిరునవ్వు. కంగారమ్మకు నవ్వు తెచ్చుకోవడానికి ఒక కిటుకు ఉంది. తను బాగుచేసిన లిఫ్టులో తనే ఇరుక్కుపోయి, సందులోంచి చెయ్యి బయటపెట్టి "ఎవరైనా మెకానిక్కుని పిలవండి" అని అరిచిన మొగుణ్ణి తలుచుకుంటుంది. ఎన్నేళ్ళయినా అది అరగలేదు. ఇవాళ కూడా దాన్నే అరగదీస్తూ లాక్కొచ్చింది.

హోటల్ గది వచ్చింది. ఈతకొలను వచ్చింది. టోపీ వచ్చింది.

అద్దం అవతల మైకు నొక్కి పెద్దాయన అన్నాడు, "ఇక్కడ నిండు నవ్వు. సినిమాకి ప్రాణం ఇదే. ఫోను మాటల దగ్గర మొదలవ్వాలి, ఆవిడ నీళ్ళలో పడేసరికి హాలు ఎగిరిపోవాలి."

తెర మీద ఆవిడ పెదవులు కదిలాయి. శబ్దం లేదు. కంగారమ్మకు శబ్దం అక్కర్లేదు. గడియ పెట్టుకున్నావా అంటున్నాయి ఆ పెదవులు. లాగి చూశావా అంటున్నాయి. రుమాలు గిర్రున తిరిగింది. పక్కనా వెనకా అందరూ విరగబడి నవ్వుతున్నారు. టైలరమ్మ భుజం ఎగిరెగిరి వచ్చి ఈమె భుజానికి కొట్టుకుంటోంది. కంగారమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది, నవ్వు రాలేదు. లిఫ్టులోంచి చెయ్యి బయటికి వచ్చింది గానీ, ఆ చెయ్యి చూసినా ఏమీ కాలేదు.

"కట్," అన్నాడు సౌండతను. "ఒక గొంతు తగ్గింది. తలుపు వైపు."

మేస్త్రి దగ్గరికొచ్చి వంగాడు. "చెల్లెమ్మా, నలతగా ఉందా?"

"లేదన్నయ్యా. పొలమారింది."

"ఎవరావిడ?" అన్నాడు పెద్దాయన మైకులోంచి.

"మన ఎడిటింగ్ అమ్మాయి వాళ్ళమ్మగారండీ."

"ఓహో!" పెద్దాయన సోఫాలోంచి ముందుకు వంగి అమ్మడి వంక, ఈమె వంక మార్చి మార్చి చూశాడు. మొహం నిండా నవ్వు. "మరి మీకే రాకపోతే ఎలాగమ్మా? మీ అమ్మాయి సినిమాయేగా!"

మంచిమాటే. ఇంకెవరైనా మంచిగానే తీసుకునేవారు. కంగారమ్మ చెవిలో పడేసరికి అది మరోలా తయారైంది. మీ అమ్మాయి ఉద్యోగమేగా, అన్నట్టు వినపడింది. ఆమె గొంతు సవరించుకుని, వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించింది.

మళ్ళీ కొలను. మళ్ళీ టోపీ. రుమాలు తిరిగింది.

ఆమె నవ్వింది. పొట్ట లోపలికి లాగి, ఊపిరిని మెట్లు మెట్లుగా తోసి, పైస్థాయికి తీసుకెళ్ళి, అక్కడ కాస్త నిలిపి, కిందికి దొర్లించింది. తెర మీది తల్లి నీళ్ళలో పడింది. ఈమె ఇంకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, పక్కవాళ్ళు నవ్వు ఆపేశాక కూడా.

"అద్భుతం!" అన్నాడు సౌండతను. "చివరి బల్ల ఆవిడా, మొత్తం మోసేశారు."

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. కంగారమ్మ మొహం తుడుచుకుంటూ అద్దం వైపు చూసింది, ఇక సరిపోయిందా అన్నట్టు. అమ్మడు చప్పట్లు కొట్టలేదు. తల వంచుకుని కాగితం మీద ఏదో గీతలు గీస్తూ ఉంది. ఆ తల ఎత్తనేలేదు.

నచ్చలేదు కాబోలు అనుకుంది తల్లి. ఇంత చేసినా దీనికి నచ్చలేదు. మొదటిసారి నోరు పడిపోయినందుకు పదిమందిలో తలవంపులైంది కాబోలు. తాళంచెవులు డబ్బాలోంచి తీసుకుంటుంటే చేతికి ఎవరివో వచ్చాయి. మార్చుకుని, గబగబా బయటికి నడిచింది.

*

విడుదలయ్యేదాకా అమ్మడు ఇంట్లో కనపడిందే తక్కువ. ఎడిటింగ్ గదిలోనే పడి ఉంది. వచ్చినా తిని పడుకోవడమే. విడుదల రోజు పొద్దున మాత్రం తల దువ్వుకుంటూ, "మొదటి ఆటకి మూడు టికెట్లు తెచ్చాను. రండి" అంది.

"నేను చూసేశానుగా" అంది కంగారమ్మ.

"మళ్ళీ చూడు."

"ఒకసారి చూసిందే అరగలేదు."

"అమ్మా, వస్తావా రావా?" పిల్ల దువ్వెన ఠక్కున కింద పెట్టింది. అది కోపమో భయమో తెలియలేదు. ఏదైనా వెళ్ళక తప్పదు.

హాలు సగం కూడా నిండలేదు. ఎక్కువమంది ఆడవాళ్ళే, సీరియల్ మీది అభిమానంతో వచ్చినవాళ్ళు. ముందు వరసలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళ లాంటివాళ్ళు, ఇవాళైనా వాళ్ళిద్దరూ ఆ మాట అనుకుంటారా లేదా అని పందెం కూడా వేసుకుంటున్నారు. కంగారమ్మ బయటికి పోయే దారి ఎటుందో చూసుకుని కూర్చుంది. ఒక పక్క ఆయన, ఒక పక్క కూతురు.

హీరో మొదటి జోకు వేసి ఆగాడు. గోడల్లోంచి నవ్వు దొర్లింది.

ముందు వరసలో పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. "ఎవరే అంత నవ్వుతున్నారు?"

"మన వెనక ఎవరూ నవ్వట్లేదు కదక్కా."

"మరి ఎక్కడి నుంచి?"

రెండో జోకుకు ఇంకో నలుగురు తిరిగి చూశారు. మూడో జోకుకు వెనక నుంచి ఎవరో, "మాకు రాని నవ్వు మీకెలా వస్తోందర్రా?" అని గోడను అడిగాడు. ఆ మాటకు కొందరు నవ్వారు. తెర మీదికి మాత్రం ఒక్క నవ్వూ వెళ్ళలేదు. గోడలు నవ్వుతున్నకొద్దీ మనుషులు బిగుసుకుపోతున్నారు. కంగారమ్మ బయటికి పోయే దారి వంక మళ్ళీ చూసింది. పోయింది. ఉన్న పరువు కూడా పోయింది. ఇప్పుడు నవ్వులవాళ్ళ మీద కూడా పడుతుంది నింద. రేపటికల్లా మేస్త్రికి మంచం.

ఈతకొలను వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుంది. తన నవ్వు తనే వినాలి ఇప్పుడు. చెవులు మూసుకుంటే పక్కవాళ్ళు చూస్తారు. సీటు చేతిని పట్టుకుని కూర్చుంది.

"తలుపు గడియ పెట్టుకున్నావా?"

నవ్వు రాలేదు. గోడలు మౌనంగా ఉన్నాయి.

"పెట్టాక ఒకసారి లాగి చూశావా?"

ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కాచుకుంది. రాలేదు. సముద్రపు హోరు కూడా లేదు. కొలను గట్టున చెప్పుల చప్పుడు, ఆ తల్లి గొంతు, అంతే. కళ్ళు తెరిచింది. టోపీ పెట్టారు, పూసలు వేశారు, కానీ ఆ గొంతులో నిజంగానే కంగారుంది. మొన్న ఆ మూగ తెర మీద కనపడలేదు. అంతకు ముందు హాల్లో వినపడినా వినలేదు. నటే గానీ, ఆవిడకీ ఎక్కడో ఒక కూతురుండి ఉంటుంది.

"లాగినప్పుడు ఊడి చేతికి రాలేదు కదా?"

ఆమెకు ఉన్నట్టుండి ఆ పిల్ల కనపడింది. తెర మీది పిల్ల కాదు, తన పిల్ల. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ఊడొచ్చిన గడియ. "ఆఁ, వచ్చిందమ్మా, ఇప్పుడేం చెయ్యను?" అని అడుగుతోంది. నిజంగా వస్తే ఏం చెయ్యాలో ఇన్నేళ్ళలో తను ఒక్కసారి కూడా చెప్పలేదు. తనకే తెలియదు!

నవ్వు ముక్కులోంచి తన్నుకొచ్చింది. చిరునవ్వు కాదు, నడిమి కాదు, నిండు కాదు. సీసా మూత ఎగిరినట్టు, మధ్యలో పందిగురకలాంటి చప్పుడుతో, ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. ముందు వరసలో ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఈసారి వాళ్ళకు నవ్వే మనిషి కనపడింది. ఆమె అవస్థ చూసి చిన్నామె కిసుక్కుమంది. "మా అమ్మ కూడా అంతే అక్కా, మంచం కింద చూడమంటుంది" అంది. సరిగ్గా అప్పుడే తెర మీద ఆ మాట వచ్చింది. "వంగి చూడకు, దూరంగా నిలబడి చూడు!" హాల్లో సగం మంది ఒక్కసారి గొల్లుమన్నారు.

తెర మీది తల్లి నీళ్ళలో పడింది.

"అయ్యయ్యో" అంది పెద్దావిడ. "పాపం, ఆవిడనెందుకు పడేశారు?"

తరవాతి సీనుకు గోడల్లో నవ్వు మళ్ళీ మొదలైంది. కంగారమ్మ కళ్ళు తుడుచుకుని కూతురి వైపు వంగింది.

"ఆ నవ్వు ఏమైందే?"

"తీసేశాను."

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఆఖరి ప్రతి పంపేటప్పుడు తీసేశాను. నీ మాటలు వినపడాలని." చీకట్లో అమ్మడు తెర వంకే చూస్తోంది. "రైటర్‌కి చెప్పింది నవ్వడానికి కాదమ్మా. అందరూ వాళ్ళ అమ్మలవి చెప్తుంటే నావీ చెప్పాను. కొలనూ టోపీ వాళ్ళు పెట్టారు. ఆ రోజు నువ్వలా నవ్వుతుంటే అద్దం బద్దలుకొట్టాలనిపించింది."

"పెద్దాయన చూశాడా?"

"ఇంకా లేదు."

"చూస్తే?"

"చూస్తే చూస్తాడు."

"చూస్తే చూస్తాడేంటే! సినిమాకి ప్రాణం అదే అన్నాడు ఆయన! నిన్ను నిలబెట్టి పీకేస్తాడు. ఇంకెవరూ పని ఇవ్వరు. చెప్పకుండా చేసిందని ఊరంతా..."

"ఉష్," అన్నాడు పక్కనుంచి మొగుడు. "సినిమా."

"ఇందులో చూడ్డానికేముందండీ, ఉష్షనడానికి!"

అమ్మడు ఇటు తిరిగింది. తెర వెలుగులో దాని మొహం సగమే కనపడుతోంది. "నేను కష్టపడి తీసేస్తే నువ్వెందుకు నవ్వావు మరి?"

"నవ్వొచ్చింది, నవ్వాను. ఎవరూ రుమాలు ఎత్తలేదు. దానికి కూడా నీకు సంజాయిషీ చెప్పుకోవాలా?"

 అమ్మడు తల్లి చేతిసంచీని తీసి తన ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ అయిన ఆ చేతిని సీటు మీదే పట్టుకుంది.

సినిమా ఇంకా చాలా ఉంది. సముద్రంలో పోట్లాట ఉంది, కొండ మీద అలక ఉంది, ఓడలో రాజీ ఉంది. ఇన్నేళ్ళూ మెట్ల మీద ఆగిపోయిన మాట చివరికి గాల్లో ఎగిరే గొడుగు కింద అనుకున్నారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ముందు వరసలో పందెం ఓడినామె చెప్పులు తొడుక్కుంటోంది. గోడల్లోంచి మేస్త్రి నవ్వు, టైలరమ్మ నవ్వు, అన్నిటికన్నా పైన తన నవ్వు, జోకు జోకుకీ దొర్లి వస్తూనే ఉన్నాయి. కంగారమ్మ వాటి కింద మూతి బిగించుకుని, ఒక్కచోట కూడా నవ్వకుండా, కూతురు చెయ్యి వదిలేదాకా కూర్చుంది.